తుప్పు, బూస్ట్, బ్రేకులు: జపాన్ స్పోర్ట్స్ కార్లపై మీ ప్రశ్నలు

పాతికేళ్లుగా ఈ కార్లను విప్పి బిగిస్తున్నాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది "పవర్ ఎలా పెంచాలి?" అనే. నాకు మాత్రం ప్రతి ఉత్తరంలోనూ అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి కనిపించింది. అందుకే కొందరికి అడిగిన దానికంటే అడగని దాని గురించే ఎక్కువ రాశాను. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: 1972 నాటి డాట్సన్ 240జెడ్ కొన్నాను. పెయింట్ అద్దంలా మెరుస్తోంది. ముందు ఇంజిన్ దించనా, కార్బురేటర్లు మార్చనా?

రెండూ వద్దు. ఒక చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి కారు చుట్టూ తిరగండి. రేకు ఉన్న చోట అది పట్టుకుంటుంది, లప్పం పెట్టిన చోట జారిపోతుంది. నా 240జెడ్ కూడా మెరిసేదే. వెనక చక్రానికి కాస్త ముందు, అరచేయంత మేర అయస్కాంతం నిలవలేదు. గీకి చూస్తే వేలు మందాన లప్పం, దాని వెనక చిల్లు.

బ్యాటరీ కింది పళ్లెం చూడండి. యాసిడ్ కారి, దాని కింద బాడీకే అతికి ఉండే పొడవాటి ఇనప రైలును కూడా తినేస్తుంది. తర్వాత కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి. తలుపుల కింది గుమ్మాలు, స్టెప్నీ పెట్టే గుంట, ముందు చక్రాల వెనక ఆకులూ మట్టీ పేరుకునే మూల, ఇవన్నీ స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడాల్సిన చోట్లు. గట్టి రేకు ఖంగుమంటుంది. పుచ్చిన రేకు శబ్దం మొద్దుగా వస్తుంది, ఒక్కసారి వింటే మీకే తెలిసిపోతుంది.

గుమ్మాలు కోయాల్సి వస్తే తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప బద్దీ బిగించాకే కోయండి. ఈ కారుకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. బద్దీ లేకుండా కోస్తే నడుము కుంగుతుంది, ఆ తర్వాత తలుపు మూసుకోదు. మూల నుంచి మూలకు కొలతలు తీసి రాసుకోండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోండి. వెల్డింగ్ ఒకే గీతలా లాగకండి. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెడుతూ పోతే వేడికి రేకు వంకర పోదు. పెయింట్ అయ్యాక గుమ్మాల లోపల మైనం స్ప్రే చేయించండి. బయటికి కనిపించని ఆ పని మీదే ఈ కారు ఇంకెన్నాళ్లు నిలుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

నేను నా కారుకు ఇంజిన్‌తో మొదలుపెట్టాను. ఎంతో ఇష్టంగా కట్టుకున్న ఆ ఇంజిన్‌ను రేకు పని కోసం మళ్లీ దించాల్సి వచ్చింది. ఆ బాధ మీకు వద్దు.

ఇక మీ ఎల్24 ఇంజిన్ సంగతి. 2393 సీసీ, వరసగా ఆరు సిలిండర్లు, ఇనప బ్లాకు, చాలా మొండిది. పవర్ కావాలంటే 280జెడ్‌లో వచ్చిన 2753 సీసీ ఎల్28 అదే కుటుంబం కాబట్టి పెద్దగా కోతలు లేకుండా కూర్చుంటుంది. ఎల్‌డీ28 డీజిల్ ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ స్ట్రోకు 83 మిల్లీమీటర్లు. దాన్ని ఎల్28లో వేసి, 89 మిల్లీమీటర్ల పిస్టన్లు బిగిస్తే 3.1 లీటర్లు అవుతుంది. జపాన్ ట్యూనర్లు ఎంతో కాలంగా చేస్తున్న పనే ఇది. కానీ ముందు ఉన్న రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చేలా చూడండి. ఒక రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని రెండో కొస వాటి మూతి దగ్గర ఉంచి, "ఉస్స్" అనే శబ్దం రెంటిలో ఒకేలా వచ్చేదాకా స్క్రూ తిప్పండి. మార్చేయాలనుకున్న కార్బురేటర్లను చాలామంది ఆ పని చేశాక ఉంచుకున్నారు.

ప్రశ్న: నా 1993 మాజ్డా ఆర్ఎక్స్-7 పొద్దున బాగానే స్టార్ట్ అవుతుంది. వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కావడానికి చాలాసేపు తిప్పాలి. నూనె కూడా తాగుతోంది. రోటరీ కొని తప్పు చేశానా?

తప్పు కాదు. రోటరీలో పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. దాన్ని పిస్టన్ ఇంజిన్‌లా చూస్తే మాత్రం తప్పే అవుతుంది. 1991లో ఫ్రాన్స్‌లోని లీ మాన్‌లో 24 గంటలు పరిగెత్తి గెలిచిన మాజ్డా 787బిలో ఉన్నదీ రోటరీయే, నాలుగు రోటర్లది. జపాన్ కంపెనీ కారు ఆ రేసు గెలవడం అదే మొదటిసారి. కాబట్టి ఇది బలహీనమైన ఇంజిన్ అనే మాట నేను ఒప్పుకోను.

నూనె గురించి టెన్షన్ వద్దు. రోటర్ మూడు కొనల మీద ఉండే అపెక్స్ సీళ్లు అరిగిపోకుండా ఒక చిన్న పంపు కొద్దికొద్దిగా నూనెను లోపలికి పంపుతుంది. అది కాలిపోవడానికే ఉంది. రెండుసార్లు పెట్రోలు పోయించినప్పుడల్లా ఒకసారి డిప్‌స్టిక్ చూసుకోండి చాలు.

వేడి మీద స్టార్ట్ కాకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కంప్రెషన్, అంటే ఇంజిన్ లోపల గాలిని నొక్కే ఒత్తిడి, తగ్గిందనడానికి అది మామూలుగా కనిపించే మొదటి గుర్తు. టెస్ట్ చేయించండి, కానీ మామూలు గేజ్‌తో కాదు. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, రెండు రోటర్లకు ఆరు. మామూలు గేజ్ అన్నింటిలో ఎక్కువగా ఉన్న ఒక్క అంకెనే పట్టి చూపిస్తుంది, చచ్చిన ముఖం దాని వెనక దాక్కుంటుంది. ఆరింటినీ విడివిడిగా చూపే రోటరీ టెస్టర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే కొలవాలి, ఎన్ని ఆర్పీఎం దగ్గర కొలిచారో కూడా రాయించుకోండి. ఆర్పీఎం లేని అంకెకు విలువ లేదు.

కంప్రెషన్ బాగానే ఉందంటే మీ అదృష్టం. అప్పుడు వాక్యూమ్ గొట్టాల దగ్గరికి రండి. మీ కారులో రెండు టర్బోలు, అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పంకాలు, వంతులవారీగా పని చేస్తాయి. ఒకటి తక్కువ ఆర్పీఎం నుంచే ఊదుతుంది, రెండోది దాదాపు 4500 ఆర్పీఎం దగ్గర కలుస్తుంది. ఈ వంతులు నడిపేది ఇంటేక్ కింద అల్లుకుని ఉన్న డజన్ల కొద్దీ సన్నటి రబ్బరు గొట్టాలు. ముప్పై ఏళ్ల వేడికి అవి చెక్కలా బిగుసుకుపోయి ఉంటాయి, చేత్తో వంచితే పుటుక్కున విరుగుతాయి. అన్నీ ఒకేసారి సిలికాన్‌వి వేయండి. ఒకటి తీసి దాని స్థానంలో కొత్తది పెట్టాకే ఇంకొకటి తీయండి. అన్నీ పీకి పక్కన పెట్టి, తర్వాత ఫొటో చూసి కలుపుదాం అనుకుంటే రెండు రాత్రులు నిద్ర ఉండదు.

కూలెంట్ లైనులో ఉండే ప్లాస్టిక్ ట్యాంకు తీసేసి అల్యూమినియంది పెట్టండి. పాత ప్లాస్టిక్ పగిలితే కూలెంట్ పోతుంది. ఒక్కసారి ఇంజిన్ బాగా వేడెక్కినా లోపలి నీటి సీళ్లు పోతాయి, అంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. ఇంకో మాట, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు గజాలు జరిపి ఆపేయకండి. లోపల పెట్రోలు నిండి మళ్లీ అంటుకోదు. స్టార్ట్ చేస్తే వేడెక్కేదాకా నడవనివ్వండి.

బూస్ట్, అంటే టర్బో నెట్టే గాలి ఒత్తిడి, పెంచడం గురించి మీరు అడగలేదు, సంతోషం. పెట్రోలు చాలక ఒక్కసారి డిటోనేషన్ (లోపలి మిశ్రమం అదుపు తప్పి పేలడం) వచ్చిందంటే అపెక్స్ సీలు విరగడానికి క్షణం చాలు.

ప్రశ్న: నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32 ఉంది. దాని ఆర్‌బీ26 ఇంజిన్‌తో 600 హార్స్ పవర్ సులువని అందరూ అంటారు. నిజమేనా?

తీయడం సులువే, నిలబెట్టడం కష్టం. ఈ ఇంజిన్ పుట్టిందే రేసు కోసం. 2568 సీసీ అనే వింత అంకె ఎందుకో తెలుసా? గ్రూప్ ఏ అనే రేసు నిబంధనల్లో టర్బో ఇంజిన్ సైజును 1.7తో గుణించేవాళ్లు. అలా చేస్తే 4366 సీసీ, అంటే 4500 సీసీ తరగతిలో సరిగ్గా ఇముడుతుంది. 1990 నుంచి 1993 వరకు జపాన్ టూరింగ్ కార్ పోటీల్లో 29 రేసులకు 29 గెలిచింది. 1991, 1992 సంవత్సరాల్లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసు కూడా దీనిదే. అమ్మకపు కాగితం మీద ఉన్న 280 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలతే) అసలు హద్దు కాదు. జపాన్ కంపెనీలు 1989 నుంచి 2004 దాకా తమలో తాము పెట్టుకున్న గీత అది.

కానీ మీ కారు ఇంజిన్‌లో నూనె కథ వేరు. ఎక్కువ ఆర్పీఎం మీద చాలాసేపు నడిపితే నూనె పైన హెడ్‌లోనే నిలిచిపోయి కింద నూనె నిలిచే సంపు ఎండుతుంది. మొదటి ఏళ్ల క్రాంక్ షాఫ్ట్ మీద ఆయిల్ పంపును తిప్పే అంచు సన్నగా ఉంటుంది. ఆర్పీఎం హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ మీద కొడుతూ ఉంటే పంపు గేరు పగులుతుంది. కంపెనీ టర్బోల టర్బైన్ చక్రాలు సిరామిక్‌వి, బూస్ట్ మరీ ఎక్కువైతే ఊడిపోతాయి. కాబట్టి డబ్బు ముందు ఆయిల్ పంపుకూ, సంపులో అడ్డు రేకులకూ, రేడియేటర్‌కూ పెట్టండి. ఆ తర్వాతే ఉక్కు చక్రాల టర్బోలు, ఇంజెక్టర్లు, చివర్న ట్యూనింగ్. ఈ వరస తిరగేసి చేసినవాళ్ల ఇంజిన్లు నా బల్ల మీద విప్పి చూశాను, బేరింగులు రాగి రంగు తేలి ఉన్నాయి.

ప్రశ్న: హోండా ఎస్2000 కొంటున్నాను. 9000 ఆర్పీఎం దాకా లాగితే ఇంజిన్ పాడవుతుందా?

లాగితే పాడవదు, దాన్ని చేసిందే అందుకు. 1999లో వచ్చిన ఆ 1997 సీసీ ఇంజిన్ టర్బో లేకుండానే 250 పీఎస్ ఇచ్చింది. పాడయ్యేది గేరు తప్పినప్పుడు. నాలుగుకు వేయబోయి రెండులో పడితే ఏ లిమిటరూ ఆపలేదు, చక్రాలే ఇంజిన్‌ను తిప్పేస్తాయి. కొనేముందు వాల్వ్ కవర్ తీయించి, వాల్వ్ స్ప్రింగుల మీది రిటైనర్లు పగిలాయేమో చూడండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయండి.

ప్రశ్న: వచ్చే నెల మొదటిసారి ట్రాక్ మీదికి వెళ్తున్నాను. కొత్త టొయోటా జీఆర్86. ముందు ఏం మార్చాలి?

బ్రేక్ ఫ్లూయిడ్. ఇదొక్కటే చెప్పి ఆపమన్నా ఆపుతాను.

నా మొదటి ట్రాక్ రోజు కొత్త ప్యాడ్లు, కొత్త డిస్కులు వేసుకుని వెళ్లాను. ఫ్లూయిడ్ మాత్రం పాత యజమాని పోసిందే. మూడో ల్యాప్‌లో పొడవాటి దారి చివర, బిగువైన మలుపు ముందు, పెడల్ నా కాలి కింద మెత్తగా నేల దాకా దిగిపోయింది. గబగబా పెడల్ కొడుతూ, గేర్లు దించుతూ కంకరలోకి వెళ్లి ఆగాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి నా దగ్గరికి వచ్చిన ఏ కారునూ ఫ్లూయిడ్ మార్చకుండా ట్రాక్ మీదికి పంపలేదు.

జరిగింది ఇది: బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుడుకు లొంగదు, ఆవిరి లొంగుతుంది. మీరు తొక్కిన బలమంతా బుడగలు నొక్కడానికే పోతుంది. సీలు తీయని డబ్బాలోంచి మంచి ఫ్లూయిడ్ పోసి, పాతదంతా నాలుగు చక్రాల నుంచీ బయటికి తీయించండి. సిలికాన్‌తో చేసే డాట్ 5ను మాత్రం దీనితో కలపకండి.

తర్వాత వేడికి నిలిచే ప్యాడ్లు. ఇంజిన్ జోలికి పోకండి. మీ 2387 సీసీ ఇంజిన్‌లో మొదటి ఏడాది మీరు వాడుకోగలిగిన దానికంటే ఎక్కువే ఉంది. టైర్లలో గాలి వేడి మీద కొలిచి దించండి. మొదటి రౌండు అయ్యాక చక్రాల నట్లు టార్క్ పానాతో మళ్లీ చూడండి. చివరి ల్యాప్ బ్రేకు పెద్దగా తొక్కకుండా నెమ్మదిగా తిరగండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి, చక్రానికి అడ్డు పెట్టండి.

ప్రశ్న: పాత కార్లకు అసలు స్పేర్ పార్టులు ఇంకా దొరుకుతున్నాయా?

పదేళ్ల కిందటి కంటే ఇప్పుడే మేలు. నిస్సాన్ 2017 చివర్లో ఆర్32 జీటీ-ఆర్‌కు పార్టులు మళ్లీ చేయడం మొదలుపెట్టింది. టొయోటా 2020 నుంచి పాత సుప్రా, 2000జీటీ పార్టులు తిరిగి చేస్తోంది. మాజ్డా మొదటి తరం రోడ్‌స్టర్‌ను జపాన్‌లో తానే పునరుద్ధరించి ఇస్తోంది. పాత పార్టు నంబర్లు రాసిపెట్టుకోండి. మీరు మార్చేసిన అసలు పార్టును కూడా నూనె గుడ్డలో చుట్టి, చీటీ కట్టి దాచండి. మళ్లీ వెనక్కి పెట్టలేని మార్పు ఏదైనా సరే, ఒక వారం ఆలోచించి చేయండి.

ప్రశ్న: నాకు పందొమ్మిదేళ్లు. నాన్నగారి 1990 మాజ్డా రోడ్‌స్టర్‌కు టర్బో పెట్టి రేసుకు వెళ్లాలనుంది. ఆయన వద్దంటున్నారు.

బాబూ, ఈ విషయంలో నేను మీ నాన్నగారి వైపే. 1600 సీసీ, టన్ను కంటే తక్కువ బరువు. ఆ కారు గొప్పదనం అదే. తక్కువ పవర్ కారులో మలుపులో తప్పు చేస్తే అప్పటికప్పుడు తెలిసిపోతుంది, ఎక్కువ పవర్ ఆ తప్పును దాచేస్తుంది. సస్పెన్షన్ బుష్‌లు మార్చండి. ముప్పై ఏళ్ల రబ్బరుతో మీరు అసలు కారును ఇంకా నడిపి చూడనే లేదు. మంచి టైర్లు వేసి, ఒక ఏడాది ట్రాక్ మీద తిరగండి.

దానికి ముందు ఒక్క పని. మొదటి ఏళ్ల 1600 ఇంజిన్లలో క్రాంక్ ముక్కు పొట్టిగా ఉండి, పుల్లీ బోల్టు వదులైతే లోపలి కీ గాడి చెడిపోయేది. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ముందు పుల్లీ అటూ ఇటూ ఊగుతోందేమో చూడండి. ఊగుతుంటే ఇంజిన్ ఆపేయండి, ఇక నడపకండి. ఏం కనిపించిందో నాకు రాయండి. తర్వాత ఏం చేయాలో వచ్చే నెల ఇక్కడే చెబుతాను.