పేరు నమోదు చేసుకునే ముందు

చి. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వంద కిలోమీటర్ల పరుగుకు సిద్ధమవుతున్నావని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. "నువ్వైనా నచ్చజెప్పి మానిపించు అన్నయ్యా" అంది. మానిపించను. అలాగని వెన్ను తట్టి పంపించేసేదీ లేదు. ఏ బూట్లు కొనాలి, వారానికి ఎంత దూరం పరుగెత్తాలి అని అడిగావు. అవి ఎవరైనా చెబుతారు. నేను నిన్ను అడిగేది వేరే: అసలు ఎందుకు పరుగెత్తాలనుకుంటున్నావు?

ఈ ప్రశ్నకు చాలామంది దగ్గర జవాబు తయారుగా ఉంటుంది: "నా హద్దులేమిటో తెలుసుకోవడానికి." పోస్టరు మీద ఆ మాట బాగానే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు మడమ మీద బొబ్బ పగిలి, తాగిన గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవని సమయంలో మాత్రం అది ఎందుకూ కొరగాదు. అప్పుడు నిలబెట్టే కారణం సాధారణంగా చాలా చిన్నది, పైకి చెప్పుకోవడానికి కాస్త సిగ్గనిపించేది.

ఈ పరుగులు ఎలా పుట్టాయో చూస్తే నా మాట నీకే అర్థమవుతుంది. దక్షిణాఫ్రికాలో విక్ క్లాపమ్ అనే మాజీ సైనికుడు మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తోటివారి జ్ఞాపకార్థం 1921లో కామ్రేడ్స్ పరుగు మొదలుపెట్టాడు. దాదాపు తొంభై కిలోమీటర్లు. మొదటి ఏడాది 34 మంది బయలుదేరితే 16 మంది చివరిదాకా చేరారు. బ్రిటిష్ వాయుసేన అధికారి జాన్ ఫోడెన్‌ది వేరే కథ. గ్రీసులో ఏథెన్స్ నుంచి స్పార్టాకు ఒక వార్తాహరుడు మర్నాటికల్లా పరుగున చేరాడని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసింది చదివి, అది సాధ్యమేనా అని ఆయనకు సందేహం వచ్చింది. 1982లో కొందరు సహచరులతో కలిసి వెళ్లి తానే పరుగెత్తి చూశాడు. మరుసటి ఏడాది నుంచి అది 246 కిలోమీటర్ల స్పార్టాథ్లాన్ అయింది. ఇక అమెరికాలో గార్డీ ఐన్స్‌లీ సంగతి. ఇరవై నాలుగు గంటల్లో వంద మైళ్లు పూర్తి చేయాల్సిన గుర్రపు స్వారీ పందెంలో అంతకుముందు ఏడాది ఆయన గుర్రం కుంటింది. 1974లో గుర్రం లేకుండానే దిగి, 23 గంటల 42 నిమిషాల్లో గమ్యం చేరాడు. వెస్టర్న్ స్టేట్స్ అనే వంద మైళ్ల పరుగుకు మూలం అదే. ఒకరిది జ్ఞాపకం, ఒకరిది కుతూహలం, ఒకరిది మొండితనం. హద్దుల గురించి ఎవరూ ఉపన్యాసం ఇచ్చినట్టు లేదు.

ఆనందం కోసం అనేవాళ్లూ ఉన్నారు. పరుగులో ఒక మత్తు ఉన్న మాట నిజమే. దానికి ఒంట్లో పుట్టే నొప్పి తగ్గించే రసాయనాలు, ఎండార్ఫిన్లే కారణమని చాలాకాలం అనుకున్నారు. రక్తంలో తిరిగే ఎండార్ఫిన్లు మెదడులోకి సులువుగా చొరబడలేవు కాబట్టి, గంజాయిలోని పదార్థాలను పోలినవి, శరీరమే తయారుచేసుకునేవి అయిన ఎండోకన్నాబినాయిడ్ల పాత్రే ఎక్కువని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఏదైతేనేం, ఆ హాయి ఓ మోస్తరు వేగంతో గంటసేపు పరుగెత్తినా దొరుకుతుంది. దానికోసం పద్దెనిమిది గంటలు కాళ్లీడ్చుకోవాల్సిన పని లేదు.

నన్ను అడిగితే, ఈ పిచ్చికి అసలు ఆకర్షణ ఆ రోజు బతుకు ఒక్క పనికి కుదించుకుపోవడమే. మామూలు రోజుల్లో సగంలో వదిలేసిన పనులు, జవాబివ్వని ఫోన్లు, ఎవరితోనో తెగని మాటలు బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. పరుగులో కొన్ని గంటలు గడిచాక అవన్నీ రాలిపోతాయి. దారిలో నీళ్లు, తిండి అందించే తర్వాతి ఎయిడ్ స్టేషన్ దాకా వెళ్లాలి, ఏదో ఒకటి తినాలి, మళ్లీ కదలాలి, అంతే. హెడ్‌ల్యాంపు వెలుగు పడే నాలుగడుగుల నేలే లోకమవుతుంది. ఆ స్టేషన్‌కు చేరేసరికి వేళ్లు ఉబ్బి సీసా మూత కూడా తిప్పలేవు. ముఖం తెలియని మనిషి ఆ సీసా అందుకుని, నీళ్లు నింపి, మూత బిగించి చేతిలో పెడతాడు. ఉడికించిన బంగాళాదుంప ముక్కను ఉప్పులో అద్ది ఇస్తాడు. ఇంకొకరు మోకాళ్ల మీద కూర్చుని నీ లేసులు కడతారు. మనం పెద్దయ్యాక అంత నిస్సహాయంగా మరొకరి చేతికి కాళ్లు అప్పగించే సందర్భాలు ఎన్ని ఉంటాయి? చాలామంది మళ్లీ మళ్లీ వెళ్లేది దానికోసమేనని నా అనుమానం. బయటికి మాత్రం కొండల అందం గురించి చెబుతారు.

పతకం కోసం, ఫోటో కోసం పరుగెత్తడం తప్పని కొందరు పెద్దలు అంటారు. నేను ఒప్పుకోను. పతకం కావాలనుకోవడం నిజాయితీ గల కోరికే. నాకు భయం వేరే రకం కారణాల మీద: ఆగనివ్వని కారణాలు. "అందరికీ చెప్పేశాను, ఇప్పుడెలా ఆపను?" అనేది ఒకటి. "ఈ శరీరానికి బుద్ధి చెప్పాలి" అనేది ఇంకొకటి, ఇది మరీ చెడ్డది. దుఃఖంతో పరుగెత్తేవాళ్లను నేను తప్పుపట్టను, దారి వాళ్ల ఏడుపును ఓపికగా వింటుంది. కానీ తనను తాను శిక్షించుకోవడానికి వచ్చిన మనిషికి నొప్పి ఒక హెచ్చరికలా వినిపించదు, బహుమానంలా కనిపిస్తుంది. అందుకే నీ కారణాన్ని ఇలా పరీక్షించు: డెబ్బయ్యో కిలోమీటరు దగ్గర ఆగిపోవాల్సి వస్తే, ఆ కారణం నిన్ను తలెత్తుకుని ఇంటికి రానిస్తుందా?

2021 మే నెలలో చైనాలోని గాన్సు రాష్ట్రంలో వంద కిలోమీటర్ల కొండ పరుగు జరుగుతుండగా ఉన్నట్టుండి వడగళ్లు, వాన, ఈదురుగాలి విరుచుకుపడ్డాయి. పలచటి బట్టల్లో ఉన్నవాళ్లలో 21 మంది చనిపోయారు. నిర్వాహకుల ఏర్పాట్లలో లోపాలున్నాయని విచారణలో తేలింది. ముందుకు పోకుండా వెనక్కి తిరిగి బతికి బయటపడ్డవాళ్లూ ఆ పరుగులో ఉన్నారు.

కాబట్టి ఎప్పుడు ఆగాలో ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చుకుని కాగితం మీద రాసుకో, అలసిన బుర్రకు ఆ పని అప్పగించకు. మూత్రం కోలా రంగులోకి మారితే ఆగి, వెంటనే వైద్యుల దగ్గరికి వెళ్లాలి. కండరాలు చితికి ఆ వ్యర్థం మూత్రపిండాల మీద పడుతోందని దాని అర్థం. అందుకే నొప్పి తగ్గించే ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు పరుగులో ముట్టుకోకు. దాహం లేకపోయినా నీళ్లు పట్టించడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి, ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. అటూ ఇటూ తిరిగే నొప్పిని పట్టించుకోనక్కర్లేదు. ఒకే చోట కూర్చుని నీ నడక తీరు మార్చేసే నొప్పి ఉంటే మాత్రం ఆగిపోవాల్సిందే. తెల్లవారుజామున చెట్లు మనుషుల్లా కనిపిస్తే కంగారుపడకు, అది నిద్రలేమి పని. ఎయిడ్ స్టేషన్‌లో ఎవరికైనా చెప్పి ఇరవై నిమిషాలు కునుకు తియ్యి.

ఆగడమంటే నామోషీ అనుకునేవాళ్లకు బ్యాక్‌యార్డ్ అల్ట్రా పద్ధతి వివరించి చెబుతుంటాను. గంటకొకసారి 6.7 కిలోమీటర్ల చుట్టు, ఒక్కరు మిగిలేదాకా. ఆ ఒక్కరు తప్ప ఎన్ని వందల కిలోమీటర్లు పరుగెత్తినవాళ్లయినా జాబితాలో "పూర్తి చేయలేదు" అనే ఉంటుంది. ఆ ఆఖరి మనిషి కూడా ఇంకో చుట్టు ఒంటరిగా పూర్తి చేయకపోతే విజేతే లేడు. అయినా జనం పోటీపడి చేరుతున్నారు!

తొందరపడి డబ్బు కట్టకు. ముందు నమ్మకమైన తోడుతో ఒక రాత్రంతా నడుస్తూ, పరుగెత్తుతూ గడిపి చూడు. మర్నాడు నిద్ర లేచాక నీ కారణం ఇంకా మిగిలి ఉంటే నాకు రాయి. ఏ మాత్రం గొప్పగా లేకపోయినా ఫరవాలేదు.

దరఖాస్తులో అత్యవసర ఫోను నంబరు అడుగుతారు. అక్కడ నాది రాయి. మీ అమ్మది ఇచ్చావంటే తనే అరగంటకోసారి వాళ్లకు ఫోను చేస్తుంది.

నీ
మామయ్య