నెలసరి వస్తే చర్చికి రావద్దంటున్నారు

ప్రశ్న: మాది తరాలుగా క్రైస్తవ కుటుంబం. రెండేళ్లుగా నా భర్త ఆన్‌లైన్‌లో ఒక బోధకుడి ప్రసంగాలు వింటున్నారు. బైబిలు పాత నిబంధనలోని మోషే ధర్మశాస్త్రం మొత్తం ఇప్పటికీ పాటించాల్సిందేనని అంటున్నారు. శనివారం విశ్రాంతి దినం, పంది మాంసం మానడం వరకు నేనూ సర్దుకుపోయాను. ఇప్పుడేమో నెలసరి వస్తే ఏడు రోజులు వేరే గదిలో ఉండాలట, చర్చికి రాకూడదట. ఈమధ్యే నెలసరి మొదలైన మా పాపకూ అదే రూలు. అది తలుపేసుకుని ఏడుస్తోంది. కాదంటే వాక్యాన్ని ఎదిరిస్తున్నావంటున్నారు. నేను నిజంగా తప్పు చేస్తున్నానా?

జవాబు: లేదమ్మా. మీరు తప్పు చేయడం లేదు.

ఈ గొడవ అపొస్తలుల కాలంలోనే వచ్చింది. యూదులు కాని విశ్వాసులు కూడా సున్నతి పొంది మోషే ధర్మశాస్త్రం పాటించాలా అని క్రీ.శ. 50 ప్రాంతంలో యెరూషలేములో పెద్దలు కూర్చుని చర్చించారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో ఉంది, చదవండి. మన పితరులూ మనమూ మోయలేకపోయిన కాడిని వీళ్ల మెడమీద ఎందుకు పెడతారని అడిగింది పేతురే. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, వీటికి దూరంగా ఉంటే చాలని చివరికి ఉత్తరం రాసి పంపారు. నెలసరి ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.

అలాగని పాత నిబంధనను పక్కన పడేయమని కాదు. అలా పడేయమన్న మార్సియన్ అనే బోధకుణ్ణి క్రీ.శ. 144లో రోమా సంఘమే వెలివేసింది. ధర్మశాస్త్రాన్ని కొట్టివేయడానికి రాలేదు, నెరవేర్చడానికి వచ్చానని యేసు చెప్పిన మాట మీ ఆయన తరచూ ఎత్తుతూ ఉండొచ్చు. ఆ నెరవేర్పు అంటే ఏమిటన్న దగ్గరే సంఘాలు విడిపోయాయి. నైతిక ఆజ్ఞలు నిలుస్తాయి, బలులూ శుద్ధి ఆచారాలూ క్రీస్తుతో ముగిశాయన్నది ఎక్కువమంది పట్టుకున్న దారి. శనివారం ఆరాధించే సెవెంత్‌డే అడ్వెంటిస్టులూ ఉన్నారు, వాళ్లూ క్రైస్తవులే. అందుకే శనివారం సంగతి, తిండి సంగతి ఆయన మనస్సాక్షికి వదిలేయండి. రోమా 14లో పౌలు చెప్పింది కూడా అదే. కాకపోతే ఒకరి మనస్సాక్షిని ఇంకొకరి మీద రుద్దొద్దని కూడా ఆ అధ్యాయమే చెబుతుంది.

ఇక అసలు విషయం. మీ ఆయన చూపిస్తున్నది లేవీయకాండము 15. ఆ అధ్యాయం మొదలయ్యేది ఆడవాళ్లతో కాదు, మగవాళ్లతో. 16వ వచనం ప్రకారం వీర్యస్ఖలనమైన మగవాడు ఒళ్లంతా కడుక్కోవాలి, సాయంత్రం దాకా అపవిత్రుడు. ఈ లెక్క ఇంట్లో ఎప్పుడైనా పాటించారా? స్త్రీని వేరే గదిలో పెట్టమని ఆ అధ్యాయంలో లేదు. ఆమెను ముట్టుకున్నవాడు సాయంత్రం దాకా అపవిత్రుడని, ఆమె పడకను ముట్టుకున్నవాడు బట్టలు ఉతుక్కుని స్నానం చేయాలని ఉంది. అంటే పని పడేది ముట్టుకున్నవాడికి. ఇదంతా ఎందుకో 31వ వచనంలో ఉంది: ఆ అపవిత్రత ప్రత్యక్ష గుడారానికి, అంటే అప్పట్లో దేవుణ్ణి ఆరాధించిన గుడారానికి, అంటకూడదని. ఆ గుడారం లేదు, దాని తర్వాత వచ్చిన దేవాలయం క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో కూలిపోయింది. ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదులు కూడా నేడు నెలసరి నియమాన్ని ముఖ్యంగా భార్యాభర్తల కలయిక విషయంలోనే పాటిస్తారు.

చర్చికి రాకూడదన్న మాట కూడా పాతదే. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయనీషియస్ నెలసరి రోజుల్లో స్త్రీలు ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు) రాకూడదన్నాడు. పోప్ గ్రెగరీ మాత్రం 601 నాటి జవాబులో, వాళ్లను చర్చికి రాకుండా ఆపకూడదన్నాడు. ఆయన ఆధారం మార్కు 5లోని స్త్రీ: పన్నెండేళ్ల రక్తస్రావంతో గుంపులో వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంది. యేసు ఆమెను గద్దించలేదు, అపవిత్రమైపోయానని వెనక్కి జరగలేదు. ‘కుమారీ’ అని పిలిచాడు.

ఇదంతా పట్టుకుని ఆయనతో వాదనకు దిగకండి. నలుగురిలో అసలే వద్దు. ప్రశాంతంగా ఉన్న పూట లేవీయకాండము 15వ అధ్యాయం మొదటి వచనం నుంచి కలిసి చదువుదామనండి. 16వ వచనం దగ్గర ఆగి ఒక్కసారి అడగండి, వెటకారం లేకుండా. ఇంత హఠాత్తుగా నియమాల వెంట పడినవాళ్ల లోపల తరచూ ఏదో భయం ఉంటుంది. అప్పో, ఆరోగ్యమో, పాత అపరాధ భావమో. రెండేళ్ల క్రితం ఏం జరిగిందో మీకే తెలియాలి. దాని గురించి అడిగితే, వాక్యం మీద వాదించినదానికంటే ఎక్కువ మాట్లాడొచ్చు. మీ ఇద్దరికీ గౌరవం ఉన్న పాస్టర్‌గారుంటే ఆయన్నీ కూర్చోబెట్టండి.

పాప విషయంలో మాత్రం ఆయన ఒప్పుకునేదాకా ఆగొద్దు. ఈ రోజే దాని పక్కన కూర్చుని, నీ ఒంట్లో జరిగేది మామూలు విషయమని, అందులో పాపం లేదని చెప్పండి. తన గదిలో, తన మంచం మీదే పడుకోనివ్వండి. ఆదివారం ఇద్దరూ కలిసి ఆరాధనకు వెళ్లండి. ఆయన బలవంతంగా ఆపినా, చెయ్యి చేసుకున్నా అది ఇక సిద్ధాంతాల గొడవ కాదు. ఆ రోజే మీ పుట్టింటివాళ్లకు చెప్పి, అక్కడికి వెళ్లిపోండి.