కుళాయి దగ్గర వివక్ష చూపిస్తే ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో మాదో చిన్న ఊరు. పంచాయతీ కుళాయి దగ్గర మా ఎస్సీ వీధి ఆడవాళ్ల బిందెలు పక్కకు జరిపేసి, ‘అందరూ పట్టుకున్నాక మీరు’ అంటున్నారు. ఏం చేయాలి?

ఇది ఊరి కట్టుబాటు కాదండీ, నేరం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం కుళాయి, బావి, చెరువు వాడుకోకుండా అడ్డుకుంటే కేసే. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరేమన్నారో ముందు నోటుపుస్తకంలో రాసుకోండి. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనూ అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఏ ఫైలు కింద నలుగుతుందో ఎవరికీ తెలీదు! ‘సర్దుకుపోండి’ అని పెద్దమనుషులు వస్తారు, సంతకం మాత్రం పెట్టకండి. హెల్ప్‌లైన్ 14566.