డేటా రాలేదు, డిస్కూ ఇవ్వరట!

ప్రశ్న: 2019లో జరిగిన మా అమ్మాయి పెళ్లి ఫోటోలు, వీడియోలు ఒక 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో దాచుకున్నాం. ఫోటోగ్రాఫర్ తన కాపీ ఎప్పుడో తీసేశాడు. మొన్న వేసవిలో డిస్క్ టేబుల్ మీద నుంచి పడింది. కంప్యూటర్‌కి పెడితే టిక్కు టిక్కుమని చప్పుడే తప్ప ఏమీ తెరుచుకోలేదు. హైదరాబాద్‌లో ఒక రికవరీ షాపువాళ్లు రూ. 6,000 అడ్వాన్స్ తీసుకుని పదిహేను రోజుల్లో చేసిస్తామన్నారు. మూడు నెలలైంది. ఇప్పుడేమో ‘డేటా రాలేదు, పార్టులకి ఖర్చయింది, ఇంకో 12,000 కడితేనే డిస్క్ ఇస్తాం’ అంటున్నారు. రసీదు వెనక ‘డేటా నష్టానికి మా బాధ్యత లేదు’ అని చిన్న అక్షరాల్లో ఉంది. వాళ్ల మీద కేసు వేయొచ్చా? మా ఇంటి ఫోటోలు వాళ్లు దాచుకున్నారేమోనని ఇంకో టెన్షన్.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వేయొచ్చు. కానీ ఈ వారం మీరు చేయాల్సింది కేసు కాదు, డిస్క్‌ని వెనక్కి తెచ్చుకోవడం. రేపు వినియోగదారుల కమిషన్ ముందు మీ సాక్ష్యం అదే. ఫోటోలు ఇంకా బతికి ఉంటే అవి ఉన్నదీ అందులోనే. ఆ టిక్కు టిక్కు చప్పుడు సాధారణంగా లోపల హెడ్ (డేటాని చదివే సన్నటి భాగం) దెబ్బతిన్నదానికి గుర్తు. అలాంటి డిస్క్‌కి కరెంటిచ్చిన ప్రతిసారీ హెడ్, డేటా ఉండే పళ్లెం (ప్లాటర్) మీద గీరుకునే ప్రమాదం ఉంది. గీత పడిన చోట ఉన్న ఫోటో ఇక ఏ ల్యాబ్‌కి వెళ్లినా రాదు. అందుకే ‘ఇంకోసారి ట్రై చేస్తాం’ అంటే ఒప్పుకోకండి. డిస్క్ ఇంటికొచ్చాక మీరూ ‘ఒక్కసారి చూద్దాం’ అని కంప్యూటర్‌కి పెట్టకండి.

డబ్బు కట్టేదాకా డిస్క్ ఆపుకునే హక్కు వాళ్లకుందా? టైలర్‌కి బట్ట, మెకానిక్‌కి బండి ఇచ్చినట్టే మీరు డిస్క్ ఇచ్చారు. 1872 నాటి ఒప్పందాల చట్టం దీన్ని బెయిల్‌మెంట్ అంటుంది. వస్తువు మీద శ్రమో నైపుణ్యమో పెట్టి పని చేసినవాడు, తనకు రావాల్సిన కూలి అందేదాకా ఆ వస్తువు ఆపుకోవచ్చని 170వ సెక్షన్ చెబుతుంది. సానపెట్టిన వజ్రాన్ని కూలి ముట్టేదాకా వర్తకుడు తన దగ్గరే ఉంచుకోవచ్చన్న ఉదాహరణ ఆ సెక్షన్ కిందే ఉంది. అయితే అది ‘రావాల్సిన’ కూలికి మాత్రమే. మీరు ఒప్పుకోని 12,000 వాళ్లకు రావాల్సింది ఎలా అవుతుంది?

ఇక్కడే మీ వాట్సాప్ ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. హెడ్ మార్చాలంటే సరిగ్గా అదే మోడల్ డిస్క్ ఇంకోటి కొని, దాంట్లోంచి హెడ్ తీసి పెడతారు. దాన్నే డోనర్ అంటారు. కాబట్టి పార్టుల ఖర్చన్నది పచ్చి అబద్ధమే కానక్కర్లేదు. ‘డోనర్‌కి ఇంత అవుతుంది మేడమ్’ అని వాళ్లు పెట్టిన మెసేజ్ కింద మీ ‘సరే అండి’ ఉంటే, ఆ మేరకు వాళ్ల వాదనకి బలం వస్తుంది. అలాంటిదేమీ లేకపోతే, లేదా ‘డేటా వస్తేనే డబ్బు’ అని ముందు రాసిచ్చి ఉంటే, డిస్క్ ఆపుకోవడం తప్పు. అడిగినా సమయానికి తిరిగివ్వకపోతే, అప్పట్నుంచి ఆ వస్తువుకి జరిగే నష్టానికి వాళ్లే బాధ్యులని 161వ సెక్షన్ అంటుంది. కనుక ‘నా డిస్క్ ఏడు రోజుల్లో, ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి’ అని రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపండి. రసీదు దాచుకోండి. ఫోన్లో ఎంత గట్టిగా అడిగినా దాన్ని రుజువు చేయడం కష్టం. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే బిల్లు గొడవ సివిల్ వ్యవహారం అని పంపేసే అవకాశమే ఎక్కువ.

నోటీసుకి లొంగకపోతే? నేనైతే బేరమాడి ఎంతో కొంత కట్టి డిస్క్ తెచ్చుకోమంటాను. ‘అభ్యంతరంతో కడుతున్నాను, తిరిగి రాబట్టుకునే హక్కు వదులుకోవడం లేదు’ అని ముందుగా మెసేజ్ పెట్టి యూపీఐలో కట్టండి, నగదు వద్దు. లాయర్ ఇలా చెప్పడం మీకు వింతగా ఉండొచ్చు గానీ, కేసు గెలిచేలోపు డిస్క్ షాపు అటక మీద ఎక్కడో పోతే ఆ గెలుపు మీకెందుకు?

డిస్క్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే దాని బయటి డబ్బా తీసి చూడండి. సీరియల్ నంబర్ మీదేనా? లోపలి డిస్క్ పై మూతకి చాలా మోడల్స్‌లో ఒకటి రెండు స్క్రూలు లేబుల్ కిందే ఉంటాయి. అక్కడ లేబుల్‌కి చిల్లు పడి ఉన్నా, అంచు లేచి ఉన్నా మూత తీశారన్నమాట. దుమ్ము చొరబడని గది లేకుండా తీయకూడని మూత అది. అక్కడే ఫోటో తీసుకోండి.

రసీదు వెనక రాత సంగతి. కోర్టులు దీన్ని రెండు వైపులా చూశాయి. లాండ్రీకి వేసిన చీర పోతే విలువలో 15 శాతమే ఇస్తామని రసీదు మీద వేసుకున్న షరతు చెల్లదని మద్రాసు హైకోర్టు 1960లలోనే చెప్పింది. మరోపక్క, కొరియర్ స్లిప్ మీద సంతకం పెట్టినవాళ్లు అందులోని 100 డాలర్ల పరిమితికి కట్టుబడాల్సిందేనని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు ఆ షరతుల కింద సంతకం పెట్టారా లేదా అన్నది అందుకే ముఖ్యం. పెట్టి ఉన్నా, అజాగ్రత్తగా డిస్క్ పాడుచేయడానికి అది లైసెన్స్ అని నేననుకోను.

కేసు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద వేయాలి. షాపు హైదరాబాద్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు చెల్లించింది 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టినా మంచిదే, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. ‘అన్యాయమైన ఒప్పందం’ అని రసీదు షరతునే రద్దు చేయమంటే అది స్టేట్ కమిషన్ పని. జిల్లాలో సేవాలోపం అని మాత్రమే రాయండి. (స్టూడియో నడిపేవాళ్లు ఇదే అడిగితే నా జవాబు వేరేగా ఉండేది. వ్యాపారం కోసం తీసుకున్న సేవకి ఈ చట్టం వర్తించడం కష్టం.)

మీ కేసులో బలహీనత కూడా చెప్పాలి. డిస్క్ పడింది మీ ఇంట్లో. ‘పాడైంది పడ్డప్పుడే’ అని వాళ్లంటారు. అది తప్పని చూపాల్సింది మీరే. ఇంకో మంచి ల్యాబ్‌లో చూపించి, మూత ముందే తెరిచారా, లోపల ఏం జరిగింది అన్నది రాతపూర్వకంగా తీసుకుంటేనే ఆ మాటకి జవాబు దొరుకుతుంది. కట్టిన డబ్బు, ల్యాబ్ ఖర్చు, మానసిక వేదనకి కొంత, కేసు ఖర్చులు అడగండి. పెళ్లి ఫోటోలకి వెల కట్టి ఇరవై లక్షలు అడిగితే నమ్మించడం కష్టం.

ఇక కాపీల భయం. పాడైన డిస్క్ నుంచి ముందు మొత్తం ఒక ఇమేజ్ (డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే తీసిన నకలు) తీసుకుని దాని మీద పని చేయడం ఈ రంగంలో మామూలే, కాబట్టి కాపీ తీయడమే నేరం కాదు. అనుమతికి మించి డేటా తీసుకుంటే ఐటీ చట్టం 43వ సెక్షన్ వర్తిస్తుంది. ఇలా విడిగా పెట్టుకునే డిస్కుల్లోని డేటా సంగతీ అందులో ఉంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. అయితే ఒట్టి అనుమానంతో కేసు నిలవదు. నోటీసులో మాత్రం ‘మీ దగ్గరున్న కాపీలన్నీ చెరిపేయండి’ అని తొందరపడి రాయకండి. వాళ్లు సగమో పావో తీసిన ఇమేజ్ ఉందేమో! అందులో తాళి కట్టే ఫోటో ఉండొచ్చు. ముందు ఆ ఇమేజ్ మీకు ఇమ్మనండి. అది తెరిచి చూసుకున్నాక, చెరిపేసినట్టు రాసిమ్మని అడగండి.