జాంగ్ ఓడలో నీళ్ల లెక్క

సముద్రం మీద మనుషులను మూకుమ్మడిగా చంపిన ఘటనలలో మిమ్మల్ని ఎక్కువగా వెంటాడేది ఏది అని అడిగారు. నా సమాధానం 1781లో బానిసలను తరలించే జాంగ్ అనే బ్రిటిష్ ఓడలో జరిగిన హత్యలు. పదమూడేళ్లు సరుకు ఓడలలో ఉద్యోగం చేసి, ఇప్పుడు విశాఖపట్నంలో నౌకా బీమా క్లెయిములు చూసుకుంటున్న నాకు, ఈ ఉదంతం బీమా పరీక్షకు చదువుతుండగా ‘గ్రెగ్సన్ వర్సెస్ గిల్బర్ట్’ అనే కేసుగా ఎదురైంది.

లివర్‌పూల్ వ్యాపారి విలియం గ్రెగ్సన్, అతని భాగస్వాములు ఈ ఓడకు యజమానులు. కెప్టెన్ లూక్ కాలింగ్‌వుడ్ అంతకుముందు ఓడ వైద్యుడే తప్ప ఓడ నడిపినవాడు కాడు. 442 మంది ఆఫ్రికన్లను కుక్కి, సెప్టెంబరులో ఆఫ్రికా తీరం వదిలిన ఆ ఓడ నవంబరు చివర జమైకాను చూసి కూడా, అది ఫ్రెంచివారి దీవి అనుకుని దాటిపోయింది. అప్పటికే జబ్బులతో అరవై మందికి పైగా చనిపోయారు. నీళ్లు చాలవన్న సాకుతో నవంబరు 29 రాత్రి 54 మంది స్త్రీలను, పిల్లలను కేబిన్ కిటికీలలోంచి సముద్రంలోకి తోశారు. డిసెంబరు 1న 42 మంది పురుషులను, ఆ తరువాతి రోజులలో మరో 36 మందిని విసిరేశారు. ఇంకో పదిమంది తమంతట తామే దూకేశారు.

దీని వెనుక ఉన్న బీమా నియమం ఇది: బానిస జబ్బుచేసి చనిపోతే నష్టం యజమానిదే, ఓడను, మిగిలినవారిని కాపాడటానికి తప్పనిసరై విసిరేస్తే మాత్రం బీమాదారు మనిషికి 30 పౌండ్ల చొప్పున చెల్లించాలి. ఆపదలో కొంత సరుకును వదులుకుని మిగతాదాన్ని దక్కించుకునే ఆ పాత సూత్రం కిందనే, తుఫానులో ఓడను కాపాడటానికి కావాలని సముద్రంలోకి వదిలేసిన సరుకు లెక్కలు నేను ఇప్పటికీ చూస్తుంటాను.

ఆ ‘తప్పనిసరి’ ఎంత నిజమో ఓడలో నీటి కరువు చూసినవారికి తెలుస్తుంది. ఒకసారి హిందూ మహాసముద్రంలో మా ఓడలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం పాడైంది. ఆ రోజు నుంచి మా బోసన్ (డెక్ సిబ్బంది పెద్ద) ప్రతి ఉదయం ట్యాంకులోకి కొలకడ్డీ దించి, తడి ఎంతవరకు ఎక్కిందో చెబుతుంటే నేను పుస్తకంలో రాసేవాణ్ణి. బట్టలుతికే గదికి కెప్టెన్ తాళం వేయించారు, స్నానానికి రోజుకు పావుగంట నీళ్లు వదిలేవారు. కరువు వస్తే ఎవరైనా ముందు చేసే పని నీళ్ల వాటా తగ్గించడం. జాంగ్‌లో హత్యలు మొదలయ్యే నాటికి ఎవరి వాటా తగ్గించలేదని కోర్టులో తేలింది. పైగా డిసెంబరు 1న భారీ వర్షం కురిసి పదకొండు రోజులకు సరిపడా నీరు పట్టుకున్నారని ఫస్ట్ మేట్, అంటే కెప్టెన్ తరువాతి అధికారి, జేమ్స్ కెల్సాల్ ప్రమాణపత్రంలో చెప్పాడు. డిసెంబరు 22న జమైకాలోని బ్లాక్ రివర్‌కు 208 మంది బానిసలతో చేరినప్పుడు ఓడలో ఇంకా 420 గ్యాలన్ల నీరు మిగిలి ఉంది. కొద్ది రోజులకే కాలింగ్‌వుడ్ చనిపోయాడు, ఓడ ప్రయాణ వివరాలు రోజూ రాసే లాగ్‌బుక్ కనబడకుండా పోయింది. లాగ్‌బుక్ లేని క్లెయిము నా బల్ల మీదికి వస్తే నేను రెండో పేజీ కూడా తిప్పను.

అయినా, బీమాదారులు డబ్బు ఇవ్వమనడంతో యజమానులు వేసిన దావాలో 1783 మార్చిలో లండన్ జ్యూరీ యజమానులకే గెలుపు ఇచ్చింది. మే నెలలో బీమాదారుల అభ్యర్థన విన్న ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్, గుర్రాలను విసిరేసినట్టే ఇదీ అని జ్యూరీ భావించిందని గుర్తు చేస్తూనే, వర్షం సంగతి చూసి కొత్త విచారణకు అనుమతించారు. అది జరిగిన దాఖలా లేదు. ఒకప్పుడు తానే బానిసగా బతికిన ఒలాడా ఈక్వియానో ఈ సంగతి చెప్పగా, బానిసత్వాన్ని వ్యతిరేకించిన ఆంగ్లేయుడు గ్రాన్‌విల్ షార్ప్ హత్యానేరం మోపించాలని చాలా ప్రయత్నించాడు, ఎవరి మీదా కేసు నడవలేదు.

కేసు పేరులో ఉన్నవి యజమాని పేరు, బీమాదారు పేరు మాత్రమే. నీళ్లలో పడ్డాక వేలాడుతున్న తాడు పట్టుకుని మళ్లీ ఓడ ఎక్కి బతికిన ఒక మనిషి ప్రస్తావన షార్ప్ రాతలలో ఉంది, అతని పేరు అక్కడా లేదు.