మన ఎంపీ ఎటు ఓటేశాడో ఎక్కడా రాసి ఉండదు

ప్రశ్న: ప్రభుత్వం మన ఫోన్లు వింటుంది, కంపెనీలు పార్టీలకు కోట్లు ఇస్తాయి, గెలిచినవాళ్ళు ఎవరికీ జవాబు చెప్పరు. మామూలు మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా, తిట్టుకుంటూ కూర్చోవడమేనా?

నేను టెలిఫోన్ శాఖలో చేరి, ఎస్‌డీఈగా (సబ్ డివిజనల్ ఇంజినీరుగా) 2020 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ వీఆర్ఎస్ తీసుకుని బయటికొచ్చినవాణ్ణి. కాబట్టి ఫోన్లు వినడం గురించి లోపలి సంగతి కొంత తెలుసు. మిగతా రెండూ రిటైరయ్యాక చదివి, పదిమందిని అడిగి తెలుసుకున్నవి.

పాత ఎక్స్ఛేంజీల్లో ఒక నంబర్ వినాలంటే ఎం.డి.ఎఫ్ దగ్గరికి వెళ్ళాలి. ఊళ్ళోని కేబుళ్ళన్నీ వచ్చి చేరే పెద్ద ఇనప చట్రం అది. అక్కడ ఆ నంబరు తీగల జతకు ఇంకో జత కలిపి ప్యారలల్ ఇస్తే, అవతల కూర్చున్నవాళ్ళకు వినిపించేది. ఈ పనికి ఆధారం 1885లో తెల్లవాళ్ళు చేసిన టెలిగ్రాఫ్ చట్టం, సెక్షన్ 5(2). దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలుంటే వినొచ్చు అని అందులో ఉండేది. ఎవరు సంతకం పెట్టాలి, ఎన్నాళ్ళు వినాలి అన్నదానికి మాత్రం వందేళ్ళు దాటినా నియమాలు లేవు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం కోర్టుకెళ్తే 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు నియమాలు పెట్టింది. హోం కార్యదర్శి సంతకం ఉండాలి, ఒక ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, పైన ఒక కమిటీ సమీక్షించాలి.

ఆ తీర్పు తర్వాత మాకు కాగితం అడిగే ధైర్యం వచ్చింది. నేను పనిచేసిన ఒక ఊళ్ళో ఓ పోలీసు అధికారి ఫోన్ చేసి, నంబర్ ఇప్పుడు చెబుతాను, ఆర్డర్ రేపు పంపిస్తాను అన్నాడు. మా డివిజనల్ ఇంజినీరు నెమ్మదస్తుడు, గొంతు పెంచే మనిషి కాదు. "అలాగే సార్, వినడం కూడా రేపే మొదలుపెడదాం" అన్నాడు. ఆ ఆర్డర్ రాలేదు.

మావాళ్ళంతా హరిశ్చంద్రులని నేను చెప్పడం లేదు. వినాలనుకున్నవాడికీ ఆ తీగకూ మధ్య వేరే శాఖకు చెందిన ఒక మనిషి, ఒక రిజిస్టరు ఉండేవి, అంతే. తర్వాత వచ్చిన సెంట్రల్ మానిటరింగ్ సిస్టమ్ ఉద్దేశమే ఆ మనిషిని తప్పించడం. టెలికం కంపెనీ సిబ్బంది చెయ్యి పడకుండానే వినొచ్చని 2009లో కేంద్రమే గొప్పగా ప్రకటించింది.

మరి ఆ సమీక్ష కమిటీ ఏమైంది అంటారా? రాష్ట్రంలో అయితే అందులో ఉండేది ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, మరో కార్యదర్శి. జడ్జీ లేడు, ప్రతిపక్ష నాయకుడు లేడు, అసలు ఎన్నికైనవాడు ఒక్కడూ లేడు. 2013లో ఒక ఆర్టీఐ జవాబులో కేంద్ర హోం శాఖ నెలకు 7,500 నుంచి 9,000 ఫోన్ ఉత్తర్వులు ఇస్తున్నామని చెప్పింది. 9,000 అంటే రోజుకు 300. ఒక్కో కాగితం చదవడానికి నిమిషం చొప్పున వేసుకున్నా హోం కార్యదర్శికి ఐదు గంటలు దానికే సరిపోతాయి. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ ముందు 18,000 ఉత్తర్వులు ఉంటాయి. వాళ్ళు ఏం చదువుతారో మీరే ఊహించుకోండి.

మన తెలంగాణ కేసు చూడండి. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్‌లో నమోదైంది. మావోయిస్టుల మీద కన్నేయడానికి పెట్టిన పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీ నుంచి నాయకుల, వ్యాపారుల, విలేకరుల ఫోన్లు విన్నారని, 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. ఎవరు దోషులో కోర్టు చెప్పాలి, నేను చెప్పను. నాకు చిరాకు పుట్టించేది వేరే. టీవీల్లో రాత్రి పగలు ఎవరి ఫోన్ విన్నారు, ఎవరు అమెరికా వెళ్ళారు అన్న చర్చే. ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఎన్ని ఉత్తర్వులు వెనక్కి పంపింది అని అడిగిన యాంకర్ నాకైతే కనిపించలేదు. 2015లో ఓటుకు నోటు గొడవప్పుడు మా ఫోన్లు విన్నారంటూ ఆంధ్రా నాయకులు తెలంగాణ ప్రభుత్వం మీద మండిపడ్డారు. ఆ తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారాయి. ఈ పద్ధతి మార్చాలని ఏ పార్టీ అయినా పట్టుబట్టిందా?

ఎప్పుడూ ఇలాగే ఉండేది అనుకోకండి. 1988లో ఫోన్ ట్యాపింగ్ బయటపడితే కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1991లో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్ళు కాపు కాస్తూ దొరికారన్న గొడవతోనే చంద్రశేఖర్ ప్రభుత్వం పోయింది. అప్పటివాళ్ళు పత్తిత్తులేం కాదు, ఆ సందు చూసుకుని దెబ్బకొట్టే ప్రత్యర్థులు గట్టిగా ఉండేవారు. 2021లో ఫోన్లలోకి దూరే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ సంగతి బయటపడ్డాక ఎవరి కుర్చీ కదల్లేదు. సుప్రీంకోర్టు వేసిన కమిటీ 29 ఫోన్లు పరీక్షించి, ఐదింటిలో ఏదో మాల్వేర్ ఉంది, అది పెగాససే అని తేల్చలేం అంది. ప్రభుత్వం ఆ కమిటీకి సహకరించలేదని 2022 ఆగస్టులో ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు నిండు కోర్టులో చెప్పారు. అంతటితో సరి.

ఇక చట్టసభలు. 1885 చట్టం స్థానంలో కొత్త టెలికం చట్టం 2023 డిసెంబర్‌లో వచ్చింది. 18న బిల్లు పెట్టారు, 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించాయి. ఆ సమావేశాల్లో సస్పెండైన ప్రతిపక్ష ఎంపీలు 146 మంది. నూట ముప్పై ఎనిమిదేళ్ళ నాటి చట్టాన్ని మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. వినే అధికారం సెక్షన్ 20లో అలాగే ఉంది, పైన స్వతంత్ర పర్యవేక్షణ రాలేదు.

నా ఉద్యోగమంతా ఆ పాత చట్టం కింద గడిచింది కదా, మా ఎంపీ దీనికి ఎటు ఓటేశాడో తెలుసుకుందామనిపించింది. పార్లమెంటు వెబ్‌సైట్‌లో వెతికితే దొరకలేదు. ఆయన ఆఫీసుకు మెయిల్ పెడితే జవాబు లేదు. ఫోన్ చేస్తే పీఏ "ఏ బిల్లు అంకుల్?" అని అడిగాడు. వెబ్‌సైట్‌లో లేకపోవడానికి కారణం తర్వాత అర్థమైంది. బిల్లు మూజువాణి ఓటుతో గట్టెక్కింది. అనుకూలమన్నవాళ్ళు ఔను అంటారు, కాదన్నవాళ్ళు కాదంటారు, సభాపతి చెవికి ఏది గట్టిగా వినిపిస్తే అదే. ఎవరు ఏమన్నారో పేర్లు నమోదు కావు. సభ్యులు డివిజన్ అడిగితేనే పేరుపేరునా లెక్క పడుతుంది. మన మాటలు రికార్డు చేసే అధికారం ఇచ్చిన చట్టానికి, ఇచ్చినవాళ్ళ మాట మాత్రం రికార్డు లేదు.

తర్వాత ఒక పెళ్ళిలో ఆ ఎంపీగారే ఎదురుపడ్డారు. అడిగాను. నవ్వి, "విప్ ఉంటుంది కదండీ, పార్టీ ఎటంటే అటే" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. 1985లో ఫిరాయింపుల నిరోధానికి తెచ్చిన రాజ్యాంగ సవరణ ప్రకారం విప్ ధిక్కరిస్తే సీటు పోవచ్చు. ఇంకో విచిత్రం చెబుతాను. పి.వి. నరసింహారావు కేసులో 1998లో ఇచ్చిన తీర్పు ప్రకారం, లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీ మీద కేసు నడవదు. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 మార్చిలోగానీ కొట్టేయలేదు. అంటే పాతికేళ్ళ పాటు మన ఎంపీ మనస్సాక్షి ప్రకారం ఓటేస్తే సీటు పోయేది, డబ్బు తీసుకుని ఓటేస్తే ఏమీ అయ్యేది కాదు.

ఎంపీ భయం పార్టీ అంటే. మరి పార్టీకి ఎవరంటే భయం? డబ్బిచ్చేవాడంటే. 2017లో, ఇచ్చినవాడి పేరు బయటికి రాకుండా పార్టీలకు డబ్బిచ్చే ఎన్నికల బాండ్లను ఫైనాన్స్ బిల్లులో కలిపి తెచ్చారు, రాజ్యసభ అడ్డుకోవడానికి వీల్లేకుండా. అదే ఫైనాన్స్ చట్టంతో, కంపెనీలు లాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న హద్దు ఎత్తేశారు. ఏ పార్టీకి ఇచ్చారో లెక్కల్లో చూపక్కర్లేదన్నారు. ఓటరుకు కనిపించదు సరే, బాండు మీద మాత్రం అతినీలలోహిత కాంతిలో కనబడే రహస్య నంబరు ఉందని 2018లోనే ఒక విలేకరి బయటపెట్టింది.

2024 ఫిబ్రవరి 15న ఐదుగురు జడ్జీలు ఈ పథకం మొత్తం చెల్లదన్నారు. వివరాలివ్వడానికి, బాండ్లు అమ్మిన ఎస్‌బీఐ జూన్ 30 దాకా గడువు అడిగింది. అప్పటికి ఎన్నికలు అయిపోతాయి. కోర్టు ఒప్పుకోకపోయేసరికి మర్నాడే ఇచ్చేసింది! బాండ్లు కొన్నవాళ్ళలో రెండో స్థానం మన హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. పుచ్చుకున్నవాళ్ళలో బీజేపీ 6,060 కోట్లతో అందరికంటే పైన ఉంది. బీఆర్ఎస్‌కు 1,214, వైసీపీకి 337, టీడీపీకి 218 కోట్లు వచ్చాయి. పైన చెప్పిన పార్టీల్లో మీకు నచ్చినది ఉంటే నన్ను తిట్టండి, అంకెలు మాత్రం ఎన్నికల సంఘం బయటపెట్టినవే. నా ఫోన్ వినడానికి ఒక అధికారి సంతకం చాలు. ఏ కంపెనీ ఎవరికి ఎంతిచ్చిందో నాకు తెలియడానికి ఆరేళ్ళకు పైగా కోర్టులో పోరాటం కావాల్సి వచ్చింది.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు: చేయగలిగింది ఉంది, చిన్నదే. ఇప్పటిదాకా కదిలిందంతా పీయూసీఎల్, బాండ్ల మీద కేసు వేసిన ఏడీఆర్ లాంటి చిన్న సంస్థలు కోర్టుకెక్కితేనే కదిలింది. వీలైతే వాటికి ఏడాదికి ఓ వెయ్యి రూపాయలు పంపండి. సిగ్నల్ లాంటి యాప్ వాడితే మాట మధ్యలో పట్టుకోవడం కష్టమవుతుంది, ఫోన్‌లోకే దూరేవాటికి అది అడ్డు కాదు. ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చినవాణ్ణి రోడ్డు, మోరీలతో పాటు ఇంకొక్కటి అడగండి: "ముఖ్యమైన బిల్లుకు డివిజన్ అడుగుతారా, లేదా?" చాలామందికి ఆ మాటే తెలియదు, మీరు చెప్పాల్సి వస్తుంది.

ఆర్టీఐ వేస్తే ప్రశ్న జాగ్రత్తగా రాయండి. నా ఫోన్ వింటున్నారా అంటే జవాబు రాదు. ఇంటెలిజెన్స్ విభాగాలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు ఆర్టీఐ చట్టంలోనే ఉంది, వాళ్ళకు రాసి లాభం లేదు. సచివాలయంలో హోం శాఖ సమాచార అధికారికి రాయండి. గత ఏడాది ఎన్ని ఉత్తర్వులిచ్చారు, సమీక్ష కమిటీ ఏయే తేదీల్లో సమావేశమైంది, ఎన్నింటిని రద్దు చేసింది, ఈ మూడే అడగండి. 2023 డేటా రక్షణ చట్టం ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం సెక్షన్‌ను బిగించేసింది. మీరడిగేది అంకెలూ తేదీలూ కాబట్టి ఆ సాకు చెప్పలేరు. రికార్డులు ఆర్నెల్లకోసారి నాశనం చేస్తాం, లెక్కలు లేవు అని కేంద్ర హోం శాఖ ఒకసారి చెప్పింది. మీకూ అదే రావచ్చు. అలా వస్తే సమావేశాల తేదీలు కూడా నాశనం చేశారా అని మొదటి అప్పీలు వేయండి, దానికి 30 రోజుల గడువుంటుంది. ఫీజు పది రూపాయలు. పోస్టల్ ఆర్డర్ నంబరు, స్పీడ్ పోస్ట్ రసీదు ఫొటో తీసి పెట్టుకోండి, అప్పీల్లో అడుగుతారు.