పికప్ క్యాంపర్: ఎత్తు తగ్గించండి, రాత్రి గాలికి దారి ఉంచండి

మీరు అడిగినవి రెండు. డీజిల్ పికప్ వెనక తొట్టిలో క్యాంపర్ (పడుకోవడానికి వీలైన చిన్న గది) బిగించుకుని డిసెంబరులో హైదరాబాద్ నుంచి ఉత్తరాదికి వెళితే మైలేజీ ఎంత పడిపోతుంది? ఆ చలికి అందులో పడుకోగలమా? నేనూ నా భార్యా నాలుగు శీతాకాలాలుగా ఇసుజు వి-క్రాస్ పికప్ మీద ఇలాగే తిరుగుతున్నాం కాబట్టి మాకు ఎదురైనదే చెబుతాను.

ఖాళీ బండి హైవే మీద లీటరుకు 13 కిలోమీటర్లు ఇచ్చేది. ఆటోనగర్‌లో మొదటి క్యాంపర్ కట్టించినప్పుడు, లోపల నిలబడి బట్టలు మార్చుకునేంత ఎత్తు కావాలని మేమే పట్టుబట్టాం. ముందు నుంచి చూస్తే క్యాబిన్ మీద రెండున్నర అడుగుల గోడ లేచినట్టుండేది. ఆ గోడతో 44వ నంబరు జాతీయ రహదారి మీద గంటకు వంద వేగంతో నాగ్‌పూర్ వెళితే లీటరుకు ఎనిమిదిన్నర వచ్చింది. అదే సామానుతో, 80 దాటకుండా తిరిగి వస్తే పదిన్నర. రెండుసార్లూ ట్యాంకు నిండా పోయించి కట్టిన లెక్క ఇది. రానూపోనూ సుమారు వెయ్యి కిలోమీటర్లు అనుకుంటే, ఈ రెండు వేగాలకూ తేడా 22 లీటర్లు. డీజిల్ 95 రూపాయల చొప్పున రెండు వేల పైమాటే.

గాలి నిరోధం వేగం వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది. 80 నుంచి వందకు వెళితే వేగం పెరిగేది పావు వంతే అయినా గాలి తోపు సగానికి పైగా పెరుగుతుంది. బరువు ప్రభావం మేడ్చల్ దాటేదాకా ఆగి ఆగి కదిలే చోటా, నిర్మల్ దాటాక ఎత్తు ఎక్కేటప్పుడూ తెలుస్తుంది. తిన్నని రోడ్డు మీద డీజిల్ తాగేది ఎత్తే. అందుకే రెండో క్యాంపర్‌కు కప్పు పైకి లేచేలా చేయించాం. ప్రయాణంలో అది క్యాబిన్ కంటే జానెడు మాత్రమే పైకి ఉంటుంది. 80 వేగంలో ఇప్పుడు పదకొండున్నర వస్తోంది.

అలాగని బరువును వదిలేయకండి. ఆర్‌సీలో ఖాళీ బరువు, గరిష్ఠ బరువు రెండూ ఉంటాయి. నీళ్లు, సిలిండరు, మనుషులతో సహా ధర్మకాంటా మీద ఒకసారి తూయించండి. 60 లీటర్ల నీళ్లంటేనే 60 కిలోలు. బండి నమోదు వివరాలు మారేలా ఏ మార్పు చేసినా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది, కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ కార్యాలయంలో అడగండి.

ఇక చలి. ఆదిలాబాద్ దగ్గర మా మొదటి జనవరి రాత్రి ఏడు డిగ్రీలు. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించుకుని పడుకున్నాం. తెల్లవారుజామున నుదుటి మీద చుక్క పడితే లేచి టార్చి వేశాను. అల్యూమినియం కప్పంతా చెమట పట్టినట్టు నీటి బొట్లు. మా ఊపిరిలోని తేమే అది. రజాయి పైపొర తడిసి ముద్దయింది. తడిసిన రజాయి కప్పుకోవడం కంటే కిటికీ రెండు వేళ్లంత తెరిచి పొడి రజాయి కప్పుకోవడమే వెచ్చన. ఇప్పుడు గాలికి పైన ఒక దారి, కింద ఒక దారి ఎప్పుడూ తెరిచే ఉంచుతాం. వంట గ్యాసు గాలి కంటే బరువు కనుక, లీకైతే అడుగుకు చేరుతుంది. కింది దారి అందుకు కూడా కావాలి.

ఆ మరుసటి రాత్రి ఒక దాబా యజమాని మా అవస్థ చూసి, మంచి మనసుతో నిప్పుల కుంపటి తెచ్చి క్యాంపర్‌లో పెట్టుకోమన్నాడు. దండం పెట్టి బయటే ఉంచమన్నాం. దయచేసి మీరూ ఆ పని చేయకండి. బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాడికి మెలకువ రానివ్వదు. గ్యాసు పొయ్యి వెలిగించి వెచ్చదనం కోసం వదిలేయడమూ అంతే ప్రమాదం. హీటరు కావాలనుకుంటే, మంటకు గాలిని బయటి నుంచి తీసుకుని పొగను బయటికే వదిలే డీజిల్ హీటరు పెట్టించండి, దానికి తోడు కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా. మేము హీటరు లేకుండానే నెగ్గుకొస్తున్నాం. లేచే కప్పుకు గోడలు కాన్వాసువి, చలిని ఆపవు. అందుకని రాత్రి కప్పు దించేసి పడుకుంటాం. చలి ఎక్కువగా వచ్చేది కింది నుంచి. పరుపు కింద మందపాటి ఫోము వేశాకే హాయిగా నిద్రపట్టింది.

టైర్లు మరిచిపోవద్దు. హైదరాబాద్‌లో మధ్యాహ్నం 40 పాయింట్లు గాలి పట్టిస్తే, ఆదిలాబాద్‌లో తెల్లవారి 36 చూపించింది. తగ్గిన గాలి మైలేజీనీ తింటుంది, బరువున్న బండిలో టైరునూ వేడెక్కిస్తుంది. పొద్దున్నే, బండి కదలక ముందే చూసుకోండి.

మంచు కొండల దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఇక్కడ నింపిన డీజిల్‌తో ఎక్కకండి. గడ్డకట్టే చలిలో డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టరుకు అడ్డం పడుతుంది. ట్యాంకు దాదాపు ఖాళీ చేసుకుని అక్కడి బంకులో పోయించండి. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చింది.

అంత దూరం వెళ్లేముందు ఆదిలాబాద్ దాకా ఒక్క రాత్రి వెళ్లి రండి. రానూపోనూ 600 కిలోమీటర్లు, వారాంతంలో అయిపోతుంది. మీ బండి లెక్క తేలుతుంది, ఏ దుప్పటి చాలదో తెలుస్తుంది.